అబద్ధాలు పట్టే పిల్లిబొమ్మ

ఆ రోజు పొద్దున మా సుజాత చేతిలోంచి పాలగ్లాసు జారిపోయింది. నలభై దాటాక నాకు పుట్టిన ఒక్కగానొక్క కూతురు, అప్పటికి నాలుగేళ్లు. కసిరాను. ఎత్తుకుంటే ఒళ్లు కాలిపోతోంది. సాయంత్రానికి ఫిట్స్. మట్టెవాడలోని నా టైలర్ దుకాణం మూయకుండానే దవాఖానాకు పరుగెత్తాను.

వెన్నులోంచి నీళ్లు తీసి టెస్ట్ చేయాలన్నారు. "ఏం గాదు బిడ్డా, చీమ కుట్టినట్టుంటది" అన్నాను. వంచి పట్టుకున్న చేతుల్లో రెండు నావే. సూది దిగాక సుజాత నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరవలేను.

బ్రెయిన్ ఫీవర్. జ్వరం తగ్గింది గానీ కుడిచెయ్యి వాలిపోయింది, మాట పోయింది. "స్పీచ్ రాకపోవచ్చు. చేతికి ఎక్సర్‌సైజ్ చేయించండి" అని డాక్టరు దాని ముందే అనేశాడు.

"మాట పోయింది సార్, చెవులు పోలే" అన్నాను. ఆయన కేస్ షీట్ మూసేశాడు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

ఇంటికొచ్చాక ఎక్సర్‌సైజ్ అంటే ఏడుపే. నేను దగ్గరికి పోతే గోడవైపు తిరిగేది. "మూగపిల్లను ఎందుకు సతాయిస్తవ్‌రా" అంది మా అక్క. కత్తెర బల్లకేసి కొట్టాను. ఆ కోపంతోనే కట్‌పీసులతో చేతికి తొడిగే పిల్లిబొమ్మ కుట్టి, సుజాత కుడిచేతికి వేశాను.

"ఈ పిల్లి పోలీసు. నేను అబద్ధమాడితే తల ఊపాలె. తొర్రూరు సంతల ఒక దోమకు ప్యాంటు కుట్టిన. నడుము నలభై ఇంచులు."

మూడు వారాలు పిల్లి కదల్లేదు. రోజుకో ఇంచు పెంచగా దోమ నడుము అరవైకి చేరిన రోజు పిల్లి తల కాస్త వంగింది. లోపల చూపుడువేలు కదిలింది.

కొన్ని నెలలకు మళ్లీ ఫిట్స్, మళ్లీ దవాఖానా. "ఆ గుడ్డ తీసెయ్యండి, ఇన్ఫెక్షన్ వస్తది" అంది సిస్టరమ్మ.

"కావాలంటే నన్ను బయటికి పంపున్రి. పిల్లి ఇక్కడనే ఉంటది" అన్నాను.

రక్తం తీయడానికి సూది తెచ్చారు. పాడు నోరు, అలవాటుకొద్దీ అనేసింది: "ఏం గాదు బిడ్డా, చీమ కుట్టినట్టుంటది."

పిల్లి తల గట్టిగా ఊగింది. దాని వెనకనుంచి, బొంగురుగా, "అబద్దం."

ఆరు నెలల తర్వాత దాని మొదటి మాట. సిస్టరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "ఔ బిడ్డా, అబద్దమే. నొస్తది" అన్నాను. అది ఎడమచెయ్యి చాపింది.

ఇప్పుడు బడికి పోతోంది. ఎడమచేత్తో రాస్తుంది, కుడిచేత్తో గుండీలు పెట్టుకుంటుంది. నేను గిరాకీలతో "రేపు పక్కా ఇస్త" అంటే మిషను వెనకనుంచి పిల్లి తల ఊపుతుంది.

మీ పిల్లలకు సూది వేయించేటప్పుడు నొస్తుందనే చెప్పండి. కోతలు కోయాలనిపిస్తే దోమ ప్యాంట్ల మీద కోయండి.