నది చీలితే ఏడు పాయలే సార్!

మా చిన్నప్పుడు మార్కులు తక్కువొస్తే ఒక తిట్టుతో పోయేది... ఎక్కువొచ్చాయో, ఇక ఇంటి నిండా అనుమానాలే!

అప్పుడు నేను నాలుగో తరగతి. మెదక్‌లో సర్కారు బడి... రేకుల కప్పు, కింద బండలు, వాటి మీద చాపలు. ఆ ఏడు జిల్లాలోని బడులన్నిటికీ ఒకే పేపరుతో పరీక్ష పెట్టారు. ప్రశ్నలు సీలు వేసిన కవర్లో వచ్చాయి. దిద్దింది కూడా వేరే బడి టీచర్లే. తీరా చూస్తే ప్రైవేటు బడుల పిల్లల కంటే మాకే ఎక్కువ మార్కులు!

ఎగురుకుంటూ ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని గంజులో అంబలి కలుపుతోంది... తల కూడా ఎత్తలేదు.

"ఎవల్ది సూసి రాసినవే?"

ఒళ్లు మండిపోయింది నాకు. ఆ పూట అన్నం కూడా ముట్టలేదు.

అనుమానం మా ఇంటితో ఆగితే బాగుండేది. కొన్నాళ్లకు పై ఆఫీసు నుంచి ఒక సారు జీపులో దిగాడు. మా దిక్కుకు కొత్త మనిషి... ఇస్త్రీ చొక్కా, చంకలో మా జవాబు పేపర్ల కట్ట. మా పద్మ టీచరును వరండాలోనే నిలబెట్టి మాట్లాడాడు. కిటికీ పక్కన కూర్చున్న నాకూ, నా దోస్తు స్వప్నకూ అంతా వినపడింది.

"ఒకరిద్దరు తప్పు రాస్తే సరే టీచర్. ఒక ప్రశ్నకు క్లాసంతా ఒకే తప్పు ఎట్లా రాస్తుంది? జవాబులు మీరే చెప్పి రాయించారు. రుజువైతే మీ ఉద్యోగం ఉండదు."

"నేనేం చెప్పలే సార్... నా పిల్లల మీద ఒట్టు."

టీచరు ఎవరినైనా బతిమాలడం అదే మొదటిసారి వినడం. పద్మ టీచరంటే మాకు ప్రాణం... ఎవరి జడ ఊడితే వాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని అల్లుతూనే ఎక్కాలు చెప్పించేది. పరీక్ష రోజు ఆమె పెదవి విప్పలేదని మాకు తెలుసు. మరి అందరూ ఒకే తప్పు ఎట్లా రాశారు? ఎవరో ఎవరిదో చూసే ఉంటారు. నాకు స్వప్న మీద అనుమానం... దానికి నా మీద.

"నువ్వు నాది సూసినవ్ గద?"

"నేనెందుకు సూస్త? నువ్వే సూసినవ్!"

అంటూ స్వప్న మా ఇద్దరి మధ్య సంచి అడ్డం పెట్టేసుకుంది. క్లాసంతా అదే తంతు... ఒకరినొకరు దొంగల్లా చూసుకోవడం.

సారు లోపలికి వచ్చాడు. టీచరును గేటు బయట నిలబడమన్నాడు. మమ్మల్ని దూరం దూరంగా కూర్చోబెట్టి, బోర్డు మీద తన చేత్తోనే ఒక పేరా రాశాడు. ఒక నది కొండల్లో పుట్టిందట... పొలాలు తడిపిందట... ఒక ఊరి దగ్గర నాలుగు పాయలుగా చీలిందట. కింద ప్రశ్నలు. అందులో ఒకటి, నది ఎన్ని పాయలుగా చీలింది?

నాకు నవ్వొచ్చింది. పరీక్ష పేపర్లోనూ ఇట్లాంటి నదే ఉంది, అక్కడ మూడు పాయలని అచ్చువేశారు. ఇక్కడ ఈయన నాలుగంటున్నాడు. మమ్మల్ని పట్టుకోవడానికి కావాలనే తప్పు రాస్తున్నాడని అనుకున్నాను... నాకు తెలియనిదా ఏమిటి! గబగబా రాసి ఇచ్చేశాను. మిగతావాళ్లూ అంతే.

సారు ఒక్కో కాగితం తిప్పుతుంటే ముఖం మారిపోయింది. ఏడు... ఏడు... మళ్లీ ఏడు!

"బోర్డు మీద నాలుగని రాశాను కదా? ఏడని ఎవరు చెప్పారు మీకు?"

కిటికీలోంచి గేటు కనబడుతోంది... టీచరు కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. అది చూసి స్వప్న లేచి నిలబడింది.

"ఎవలు చెప్పలే సార్. నది చీలితే ఏడు పాయలే అయితది. శివరాత్రి జాతరకు ఏడుపాయల పోయినప్పుడు మేమందరం సూసినం. మీరు పోలేదా సార్?"

నాకూ ధైర్యం వచ్చింది. "పేపర్ల గూడ తప్పు పడ్డది సార్. మేమే మంచిగ రాసినం!"

అవును సార్, అవును సార్ అని క్లాసంతా ఒకటే గోల. మెదక్ దగ్గరి ఏడుపాయల గుడి పక్కన నది నిజంగానే ఏడుగా చీలుతుంది... మేము చూసిన నది అదొక్కటే మరి! సారు నవ్వలేదు. కాసేపు మమ్మల్నీ, గేటు వైపూ చూశాడు. కాగితాలు సర్దుకుని జీపెక్కి పోయాడు. టీచరు ఉద్యోగం నిలబడింది... అనుమానించినందుకు మాత్రం ఆమెకు ఒక్క మంచి మాట కూడా చెప్పిపోలేదు.

టీచరు లోపలికి వస్తే మెచ్చుకుంటుందని అందరం ఎదురుచూశాం. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వచ్చి చాప మీద మా మధ్యనే కూర్చుంది.

"ఇగ నుంచి పేపర్ల ఏముంటె గదే రాయుండ్రి బిడ్డా... మీకు ఎర్కున్నది రాయకుండ్రి. కండ్లతోని సూసిందైనా సరే, రాయకుండ్రి."

మరుసటి ఏడు అట్లాగే రాశాం. ఒక్క తప్పు పోలేదు. ఏ జీపూ రాలేదు.

ఇప్పుడు మా పాప మూడో తరగతి. వారం వారం టెస్టు... జవాబు రాసేదేమీ లేదు, సరైన జవాబు పక్కనున్న సున్నా నింపడమే. మొన్న అన్నీ రైటేనని నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. అందరూ సంతోషపడితే నాకే ఏదో అనుమానం...

"నీకు ఎర్కున్నది ఏమన్న రాసినవా బిడ్డా?" అని అడిగాను.

అది నన్ను వింతగా చూసింది. "అట్ల రాస్తె మార్కులు కట్ అయితయ్ మమ్మీ!"

మీలో ఎవరైనా, కళ్లారా చూసింది రాసి మార్కులు పోగొట్టుకున్నారా? ఆ తప్పు జవాబు ఏమిటో కామెంట్లో రాయండి... ఇక్కడ దిద్దేవాళ్లెవరూ లేరు.