ఎర్రటివి తింటేనే ఎర్రటి రక్తం

మొన్న పరగడుపున చక్కెర పరీక్షకని వెళితే, నా చేతిలోంచి గొట్టంలోకి దిగుతున్న రక్తాన్ని చూసి అక్కడి అమ్మాయి, "మంచి రంగుందండీ మీకు" అంది. పొగడ్తే, కానీ నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఆ అమ్మాయి మీద కాదు.

ఎనభైల్లో గుంటూరు జిల్లాలో మిరపా పత్తీ వేసే ఇల్లు మాది. మా తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, ముందు మగవాళ్లు, తర్వాత పిల్లలు, ఆఖర్న ఆడవాళ్లు తినేవారు. కూరా పప్పూ మా దగ్గరే అడుగంటితే వాళ్లకు మిగిలేది అన్నమూ ఎర్రకారమూ. దానికి మా నాయనమ్మ ఒక శాస్త్రం కూడా కట్టింది: ఎర్రటివి తింటేనే ఎర్రటి రక్తం పడుతుందట, ఆకులు తింటే పలచబడి నీళ్లవుతుందట. అందుకని మా బాబాయి భార్య, అంటే పిన్ని, కడుపుతో ఉన్నన్నాళ్లూ ఆవిడకు పండుమిరప పచ్చడి పెట్టి, పెరట్లో మునగాకు మేకలకు వేసింది. మేకలు మాత్రం దిట్టంగా ఉండేవి.

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను, చావింట్లోనైనా ఒక ఛలోక్తి విసిరివచ్చే రకం. కళ్లంలో ఎండిన కాయల్లోంచి రంగుపోయిన తాలుకాయలు ఏరుతూ పిన్ని ఆయాసంతో మాటిమాటికీ ఆగిపోతుంటే, "పిన్నీ, నువ్వూ ఆ తాలుకుప్పలో కూర్చో, కొనేవాడికి తేడా తెలీదు" అన్నాను. "నీ నోట్లో కారం కొట్టా, పోరా" అని నవ్వింది. ఆ పెదాలు తెల్లగా ఉన్నాయని చూశాను. చూసే కదా అన్నాను.

కాన్పయింది, ఆడపిల్ల పుట్టింది, పిన్ని మాత్రం కళ్లు తెరవలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళితే వెంటనే రక్తం ఎక్కించాలన్నారు. రక్తపరీక్ష చేసే పెద్దాయన ఏం పెట్టేవారని అడిగితే నాయనమ్మ గర్వంగా పండుమిరప పచ్చడంది. "రక్తానికి ఎరుపు కారంతో రాదమ్మా, రక్తంలో ఉండే ఇనుముతో వస్తది. పప్పూ, ఆకుకూరా, మాంసమూ పెట్టకపోతే ఆ ఇనుము ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటది?" అన్నాడాయన. "ముందే చెబితే నాగలికర్రు ఉడకేసి పెట్టేవాళ్లం కదండీ" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా మాట మీద నాకే అసహ్యం వేయడం అదే మొదలు.

రక్తం ఎవరిస్తారన్నారు. మాది కారం తిన్న రక్తంరా అని ఊళ్లో తొడగొట్టే బాబాయికి ఆ క్షణానే పత్తికి మందు కొట్టాలని గుర్తొచ్చింది. పోయిన రక్తం మళ్లీ పుట్టదట, ఆయన పడిపోతే సేద్యం ఎవరు చేస్తారట. నేను చెయ్యి చాపాను. వీరత్వమేమీ లేదు, సూది చూసి కళ్లు తిరిగి పడ్డాను కూడా. నా రక్తం సరిపడింది, పిన్ని బతికింది.

ఇంటికొచ్చి నెలైనా తిరగకముందే, మేం భోంచేస్తూ ఉండగా వంటింట్లోకి చూస్తే, పిన్ని తన కంచంలో మళ్లీ ఆ కారమే వేసుకుని పెట్టుకుంది. ఇక్కడ బాబాయి మారు పప్పు అడుగుతున్నాడు. లేచి ఆ గిన్నె ఎత్తుకెళ్లి మొత్తం పిన్ని కంచంలో బోర్లించాను. "ఏరా, పిచ్చెక్కిందా నీకు?" అని బాబాయి కేకేశాడు.

"లేదు బాబాయ్, ఇచ్చిన రక్తాన్ని మేపుకుంటున్నా."

నాయనమ్మ కొంప మునిగినట్టు శోకాలు తీసింది. పిన్ని ఆ పప్పు ముట్టలేదు. గిన్నెలోకి ఎత్తి, తీసుకెళ్లి బాబాయికే వడ్డించింది.

ఇప్పుడు మా ఇళ్లలో ఆడామగా అందరం ఒకే బల్ల దగ్గర తింటున్నాం, బడిలో ఆడపిల్లలకు ఇనుము మాత్రలు కూడా ఇస్తున్నారు. పిన్ని మాత్రం కూతురింట్లో కూడా అందరూ చేతులు కడుక్కున్నాకే కూర్చుంటుంది. గట్టిగా కోప్పడదామంటే నాయనమ్మా లేదు, బాబాయీ లేడు; ఆ పంక్తిలో కూర్చుని పప్పు మారు వేయించుకున్నవాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే.