నవంబరు ముప్పై ఒకటి

మా బావకి తిక్క అంటారు. మొండిఘటం అంటారు. మా చర్చి సంఘంలో కొందరైతే, పరలోకానికి తానొక్కడే టికెట్టు కొనుక్కున్నట్టు మాట్లాడతాడని కూడా అంటారు. అననివ్వండి, నోళ్లు వాళ్లవి. పదకొండేళ్లు ఆయనతో ఒకే కంపెనీలో పనిచేసిన మరదల్ని నేను. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం.

బావ లిఫ్టు మెకానిక్కు. పెళ్లి ఫోటోలో ఉంగరం వేలు చూస్తే గోటి సందున గ్రీజు ఇప్పటికీ కనిపిస్తుంది. అన్నం ముందు ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెడితే, కూర చల్లారిపోతోందని మా అక్క గరిటెతో గిన్నె అంచు మీద కొట్టాలి. లిఫ్టు తాడు చూడటానికి మాత్రం ఆయనదో పద్ధతి. పాత బనీను గుడ్డ తాడు చుట్టూ వేసి, పట్టుకుని మెల్లగా జరుపుతాడు. ఎక్కడైనా ఉక్కు పోగు తెగి ఉంటే అది గుడ్డని పట్టుకుంటుంది. కంటికి కనబడనిది గుడ్డకి దొరుకుతుంది.

అంత జాగ్రత్త మనిషి చూడకుండా సంతకాలు ఎలా పెట్టాడంటారా? అందరూ పెట్టారు కాబట్టి పెట్టాడు.

ప్రతి లిఫ్టులోనూ ఒక కార్డు వేలాడుతుంది. తాళ్లు, బ్రేకు, తలుపు చూశామని నెలకోసారి తేదీ వేసి సంతకం పెట్టాలి. మా కంపెనీలో మాత్రం మూడు నెలలకోసారి ఒక శుక్రవారం మధ్యాహ్నం మెకానిక్కులంతా బల్ల చుట్టూ కూర్చుని, రాబోయే మూడు నెలల కార్డులూ అప్పుడే నింపేసేవాళ్లు. ఒకే సిరాతో ఉంటే దొరికిపోతాం కదా, అందుకని రకరకాల పెన్నుల డబ్బా ఒకటి ఉండేది. నీలం, నలుపు, సగం ఎండిపోయిన నీలం. ఆ డబ్బా తెచ్చేదాన్నీ, చివర్న కంపెనీ ముద్ర కొట్టేదాన్నీ నేనే. సిగ్గుపడ్డానా? లేదు. బిస్కెట్లు కూడా సర్దాను.

మా యజమానిని పెద్దాయన అంటాం, మా సంఘపెద్ద కూడా ఆయనే. కార్డులు ముట్టుకునే ముందు లేచి నిలబడి, ఈ పనిని దీవించమని ప్రార్థన చేసేవాడు. గొంతు బాగుండేది, కాదనను.

డిసెంబరు మొదట్లో ఒక భవనంలో లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. రిటైరైన టీచరమ్మ ఒకావిడ నలభై నిమిషాలు లోపలే ఉండిపోయింది. చదవడానికి ఇంకేమీ లేక కార్డు చదువుకుంది. బావ తలుపు తెరిచి చెయ్యి అందిస్తే, ఆవిడ ఆ చెయ్యి పట్టుకోలేదు.

"బాబూ, నవంబరు ముప్పై ఒకటో తారీఖున వచ్చి తాళ్లు చూశారట. ఆ రోజు మీకు ఎక్కడ దొరికింది?" అని అడిగింది.

అక్టోబరు 31, నవంబరు 31, డిసెంబరు 31. మూడూ ఒకే ఊపులో రాసింది బావే. దాని మీద ముద్ర కొట్టింది నేను. పైగా డిసెంబరు ముప్పై ఒకటి ఇంకా రానేలేదు, సంతకం మాత్రం వచ్చేసింది.

ఆ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అంటే తప్పులు ఒప్పుకుని క్రీస్తు పేరిట రొట్టె పంచుకునే రోజు. రొట్టె పళ్లెం మా వరుసకి వచ్చింది. బావ తీసుకోకుండా పక్కకి అందించాడు. ఇక చూడండి, వెనక వరుసలో గుసగుసలు. తాగుతున్నాడనీ, ఇంకెవరితోనో సంబంధం ఉందనీ. మా అక్క ముఖం పాలిపోయింది. ఇంటికి రాగానే నిలదీసింది.

"చూడని తాడుని చూశానని రాశానే. అదే చేత్తో రొట్టె ఎలా తీసుకోను?" అన్నాడు.

"ఓస్, ఇంతేనా!" అంది అక్క. తర్వాత ఆలోచించి, ఆయనకి కంచం పెట్టింది.

ఆ నెలాఖరున మళ్లీ కార్డుల శుక్రవారం వచ్చింది. ప్రార్థన అయింది. బావ పెన్ను క్యాపు పెట్టేసి డబ్బాలో వేశాడు.

"నేను రాయను సార్. చూసిన రోజున, చూసినచోటే రాస్తాను."

పెద్దాయన నవ్వాడు. "ఇది మన వ్యాపారంలో వాడుకయ్యా. లోకమంతా ఇంతే."

"లోకమంతా ఇంతేననే కదా సార్, ఆదివారం మనం వేరేచోట కూర్చుంటున్నాం?"

"ప్రార్థన వేరు, పని వేరు."

"అయితే పనికి ముందు ప్రార్థన దేనికి సార్? పనయ్యాక క్షమించమని అడుగుదాం, సరిపోతుంది."

ఎవరూ నవ్వలేదు. బావ వాటా కార్డులు మేం 'సరేసార్' అని పిలిచే మెకానిక్కు నింపేశాడు. నేను ముద్ర కొట్టాను. అప్పటికి నాకింకా బుద్ధి రాలేదు.

ఫిబ్రవరి పదిహేనున పెద్దాయనకి అరవై ఏళ్లు నిండాయి. ఆయన సొంత భవనం ఏడో అంతస్తు హాల్లో, సాయంత్రం నాలుగింటికి కృతజ్ఞత కూటం. లిఫ్టు అద్దాలు తుడిచిపెట్టమని పొద్దున్నే బావని పంపారు. బావ అద్దాలు తుడిచాడు. ఆగితే బాగుండేదని అంతా అంటారు. ఆగలేదు, పైకెక్కి తాళ్లకి కూడా గుడ్డ పట్టాడు.

నేను పాటల పుస్తకాల మూటతో వెళ్లేసరికి లిఫ్టుకి తాళం. దాని ముందు కుర్చీ వేసుకుని బావ. చేతిలో పీలికలైన బనీను.

"మెట్లెక్కు మరదలా, ఒళ్లు తగ్గుతుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, తాళంచెవిని గుప్పెట్లో బిగించి పట్టుకున్నాడు. ఆ ఉద్యోగం పోతే ఇల్లు ఎలా గడుస్తుందో ఆయనకి తెలుసు.

అంతలో పెద్దాయన వచ్చాడు. వెంట చక్రాల కుర్చీలో వాళ్లమ్మ.

"తాళంచెవి ఇవ్వు."

"ఒకేచోట చాలా పోగులు తెగాయి సార్. తాడు మార్చాలి."

"ఇరవై మందిని మోసుకుంటూ రోజూ తిరుగుతోంది! కార్డు మీద ఏముంది? ఫిబ్రవరి పది, తాళ్లు బాగున్నాయి. కంపెనీ ముద్ర కూడా ఉంది!"

"ఆ ముద్ర నేను వేశాను సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "డిసెంబరులో వేశాను. ఫిబ్రవరి పదిన ఈ లిఫ్టు దగ్గరికి పురుగు కూడా రాలేదు."

మెట్ల మీద జనం ఆగిపోయారు. పెద్దాయన నా వైపు చూసిన చూపు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బావ లేచి, జేబులోంచి ఖాళీ కార్డు తీసి, పెన్నుతో సహా ఆయన ముందు పెట్టాడు.

"మీరు సంతకం పెట్టండి సార్. ఈ రోజు తేదీ వేసి, తాళ్లు బాగున్నాయని రాయండి. అమ్మగారిని ఎక్కించి, మీరూ ఎక్కండి. తాళంచెవి ఇదిగో."

ఆయన పెన్ను తీసుకున్నాడు, విసురుగానే తీసుకున్నాడు. తేదీ వేశాడు. ఆ తర్వాత వాళ్లమ్మ వైపు చూశాడు. ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని, ఎవరో ఒకరు తీసుకెళ్తారులే అన్నట్టు కూర్చుని ఉంది. మా అందరి చేతా ఏళ్ల తరబడి సంతకాలు పెట్టించిన మనిషి చెయ్యి కార్డు మీద అలాగే ఉండిపోయింది.

చివరికి పెన్ను బావ చేతిలో పెట్టేసి, కుర్చీకి ఒక పక్క పట్టుకున్నాడు. రెండో పక్క బావ పట్టుకున్నాడు. ఏడంతస్తులు. మధ్యలో రెండుసార్లు ఆగారు. పైన ఆయన చేసిన ప్రార్థన మాత్రం ఎన్నడూ లేనంత చిన్నది.

మనసు మారిందని అనుకుంటున్నారేమో. సోమవారం మా ఇద్దరినీ తీసేశాడు. కాగితాలు టైపు చేయించి నా బల్ల మీదే పెట్టించాడు, ఎందుకంటే ముద్ర కొట్టేది నేనే కదా. నా కాగితం మీద నేనే కొట్టుకోవాలి!

చదివాను. యజమాని మాట కాదని లిఫ్టు ఆపినందుకు బావని, అందరి ముందూ ఎదురు చెప్పినందుకు నన్ను తీసేస్తున్నట్టు ఉంది. అక్షరం పొల్లుపోకుండా నిజం. గోడ మీద క్యాలెండరు చూశాను. తేదీ కూడా ఆ రోజుదే.

రెండింటి మీదా ముద్ర గట్టిగా కొట్టాను. బావ తన కాగితం మడిచి, గుడ్డతో పాటు జేబులో పెట్టుకున్నాడు. తర్వాతి ప్రభువు బల్ల నాడు మా వరుసకి పళ్లెం వస్తే, తల వంచుకోకుండా తీసుకున్నాడు.