కోకాపేట ఎత్తు ఎక్కని పికప్పు

మా పాత డీజిల్ పికప్పు చదును రోడ్డు మీద బాగానే నడిచేది. చందానగర్‌లో బయలుదేరి కోకాపేట చేరాక, ఆఫీసు భవనాల వైపు తిరిగే ఎత్తులోనే దానికి ఊపిరి ఆడేది కాదు. ఎంత తొక్కినా దగ్గుతూ, వెనక్కి గుంజుతూ, ఒక్కోసారి ఆగిపోయేది. వెనకాల అన్నం, సాంబారు, రెండు కూరలు. పన్నెండున్నరకు ఆ భవనాల్లోంచి దిగి వచ్చే ఉద్యోగులు మా ఆవిడ వంట కోసం ఎదురుచూస్తుంటారు. వంట ఆమెది, బండి నాది. పన్నెండేళ్లుగా మా పని పంపకం అంతే.

ఆ వారంలో మూడోసారి ఎత్తు మధ్యలో ఆగినప్పుడు, వెనక కార్లు హారన్లు కొడుతుంటే, ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. అది చెమట కాదని నాకు తెలుసు.

"ఇంకొక్కసారి ఆగిందంటే మానేద్దామండీ. చల్లారిన అన్నం పెట్టడం నా వల్ల కాదు," అంది. ఆమెది గోదావరి వైపు. ఎంత కోపమొచ్చినా 'అండీ' వదలదు.

ఎవరికి పప్పు పడదో, ఎవరికి కారం ఇంకొంచెం కావాలో ఆమెకు కంఠతా వచ్చు. వాళ్లకు వడ్డించే ఆ గంటన్నర కోసమే మోకాళ్ల నొప్పులతో పొద్దున్నే లేస్తుంది. అది నా బండి వల్ల ఆగిపోవడమా?

బాచుపల్లి వైపు ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. మెకానిక్ లాప్‌టాప్ పట్టుకొచ్చి వైరు ఎక్కడ గుచ్చాలా అని వెతికాడు. ఈ బండిలో కంప్యూటరే లేదయ్యా అంటే నమ్మడు. చివరికి బానెట్ మూసి తీర్పు చెప్పాడు.

"కాకా, డీజిల్ పంపు ఖతమైంది. పెద్దది ఏద్దాం. లేకుంటే ఇగ ఈ బండి ఇడిసిపెట్టు."

"చూడకుంటనే చెప్తవేంది? ముద్ద దిగుతలేదంటే గొంతు చూడాలె గని, కడుపు కోస్తవా?"

"గంత తెలిస్తే నువ్వే చేస్కో కాకా!"

చేసుకుంటాననే వచ్చేశాను. నేను బడికి పోయింది ఐదో తరగతి దాకే. ఇంజిన్ల గురించి తెలిసిందంతా, పాత పుస్తకాల దుకాణంలో దొరికిన అట్టలేని ఇంగ్లీషు మాన్యువల్‌ను నిఘంటువు పక్కన పెట్టుకుని ఏళ్ల తరబడి చదివిందే. ఈ ఊళ్లో ఇప్పుడు రోగం ఏదని ఎవడూ అడగడు. మార్చెయ్, పారెయ్. అంతే.

అలా అన్న నేను కూడా మొదట తప్పే చేశాను. పంపు మీది స్క్రూ అర చుట్టు తిప్పి డీజిల్ పెంచాను. ఆదివారం నీళ్ల డబ్బాలు బరువు కోసం వేసుకుని వెళ్లి చూస్తే, చదును మీద నల్లటి పొగ కక్కింది, ఎత్తులో మళ్లీ చతికిలబడింది.

స్క్రూను పాత గుర్తుకు తెచ్చి, ఆ మధ్యాహ్నమే బండి కిందికి దూరాను. ట్యాంకు నుంచి పంపుకు డీజిల్ వచ్చే దారిలో జానెడు అద్దంలాంటి ప్లాస్టిక్ పైపు బిగించాను, లోపలి నడక కంటికి కనపడాలని. ఆమెను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను.

"తొక్కనా అండీ?"

"జర తొక్కు."

"చాలా, ఇంకానా?"

"ఇంకా. నా మీది కోపం తలుసుకొని తొక్కు."

"అంత తొక్కితే బండి గోడెక్కుద్ది!"

ఇంజిను అరిచింది. పైపులో గోలీసోడాలో లాగా బుడగలు బారులు తీరి పరుగెత్తాయి. డీజిల్‌తో పాటు గాలి. పంపు సగం గాలి పీలుస్తుంటే ఎత్తులో బలం ఎక్కడిది? అది పీల్చుకునే పైపు కాబట్టి బయటికి ఒక్క చుక్క కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది.

ఎక్కడ పోతోందో వెతుక్కుంటూ ట్యాంకు దగ్గరి అతుకు దాకా వెళ్లాను. దాని చుట్టూ సైకిల్ ట్యూబు ముక్క, పైన బైండింగు వైరు. డీజిల్‌కు నాని నాని ఆ రబ్బరు పాకంలా వేలికి అంటుకుంది. ఆ కట్టు నాదే. ఆరేళ్ల కిందట చీలిన పైపు మార్చకుండా నేనే చుట్టాను. తర్వాత ఏ మెకానిక్ అటు చెయ్యి పెట్టబోయినా "అది నేను చేసింది, ముట్టకు" అని కసిరాను.

వైరు విప్పి ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాను.

"దొరికిందా అండీ?" పైనుంచి అడిగింది.

"దొరికింది. నేనే."

బయటికొచ్చి అంతా చెప్పాను. ఆమె ఆ జిగట ముక్కను చూసి ముక్కు చిట్లించింది. "చేతులు కడుక్కోండి. టీ పెడతాను," అంది.

కొత్త పైపు, రెండు క్లిప్పులు, ఫిల్టరు వేశాను. పంపు పక్కనున్న బొత్తాన్ని చేత్తో నొక్కుతూ లోపలి గాలంతా తోసేశాను. నా బొటనవేలు నొప్పెడితే కాసేపు ఆమె నొక్కింది.

మర్నాడు వంటింట్లోకి తొంగి చూస్తే అన్నం గిన్నె అంచుదాకా ఉంది.

"బండి ఎక్కుతదో లేదో చూడకముందే గింత వండినవేందే?"

"తన తప్పు తనే చెప్పిన మెకానిక్కుని ఇన్నాళ్లకు చూశానండీ. నమ్మొద్దూ?"

ఎత్తు మొదట్లో రెండో గేరు వేశాను. ఆమె సాంబారు డబ్బాను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. ఇంజిను దగ్గలేదు. సగం దాటాక ఒక చేయి వదిలింది. పైకి చేరాక రెండోదీ వదిలి, కొంగు సర్దుకుంది.

"తొందరగా పోనివ్వండి. వాళ్లు నిలబడి ఉంటారు."