ఓబులాచారికి చెప్పాల్సిన మాట

ఉదయం ఆరింటికి గుంటూరులో ఎక్కిన రైలు నంద్యాలలో దించేసరికి పన్నెండు దాటింది. నడుం పట్టేసింది. రోగికి నిజం తెలుసుకునే హక్కు ఉందని ఇరవై ఏళ్లుగా తత్వశాస్త్ర పత్రాలు రాస్తున్నాను. దేవుణ్ణి నమ్మే ఇళ్లలో ఆ హక్కు ఏమవుతుందో కూడా రాశాను. రోగి మంచం పక్కన కూర్చున్నది మాత్రం లేదు. నా వైద్యనీతి పాఠాలు విని, ఇప్పుడు నంద్యాలలో డాక్టరుగా ఉన్న పాత శిష్యురాలు ఆ పత్రాలు గుర్తుపెట్టుకుని ఫోన్ చేసింది. "ఆళ్లగడ్డలో ఒక శిల్పి ఉన్నాడు మేడం. రాతిదుమ్ముకు ఊపిరితిత్తులు పోయాయి, నెలలే మిగిలాయి. ఇంట్లోవాళ్లు ఆయనకు చెప్పనివ్వడం లేదు. మీరొచ్చి వాళ్లను ఒప్పించండి" అంది.

స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ తిని ఒంటిగంట బస్సెక్కాను. మధ్యాహ్నం వెళ్లేవాళ్లు ఎడమవైపు కూర్చోండి, కుడివైపు ఎండ వాయించేస్తుంది. పక్కావిడ "యాడికి పోతాండావమ్మా, దేవుని బొమ్మ కొనేకా?" అంది. అవునన్నాను. వివరించే ఓపిక లేదు.

రెండున్నరకు ఆళ్లగడ్డ బస్టాండులో శిల్పి కొడుకు నాగాచారి బండితో నిలబడి ఉన్నాడు. "నాయనకు ఉత్త దగ్గని చెప్పినాం మేడం. మీరు గూడా అంతే అనాల" అన్నాడు, నమస్కారం కంటే ముందు.

వాళ్ల ఇంటి పక్క శిల్పాల షెడ్డులో అమ్మవారి విగ్రహం పూర్తయింది, కళ్లు తప్ప. కళ్లు ఆఖరున తెరుస్తారట, అదీ ఇంటి పెద్ద శిల్పి చేతి పనేనట; ఇప్పుడాయన ఉలి పట్టలేడు. ఆ పెద్దాయన ఓబులాచారి మంచం మీద ఆయాసపడుతూ, ఒక పనికిరాని రాయి మీద కొడుకు చేత కన్ను గీయిస్తున్నాడు, చెరిపిస్తున్నాడు. కాసేపటికి కొడుకుని టీకి పంపి నావైపు తిరిగాడు.

"డాక్టరమ్మ పంపిందా? చెప్పొద్దులేమ్మా, నాకు తెలుసు. మా నాయనా ఇట్లే దగ్గి దగ్గి పాయె."

"మరి ఇంట్లో తెలియనట్టే ఉన్నారేం?"

"తెలుసంటే వాడు ఉలి ఆడ పారేసి నా కాళ్లకాడ కూర్చుంటాడు. వానికి కండ్లు చెక్కేది ఇంకా రాలేదు. వచ్చేదాకా నాకేం తెల్దు, అంతే."

రాసుకొచ్చిన వాదనలు సంచిలోంచి బయటికి తీయలేదు. టీ తాగి, ఆయనతో రాళ్ల గురించి మాట్లాడాను.

ఐదింటికి బస్టాండులో నాగాచారి అడిగాడు. "నాయనకు ఏమన్నా అనుమానమొచ్చిందా మేడం?"

"లేదు" అన్నాను. అంత తేలిగ్గా నేనెప్పుడూ అబద్ధమాడలేదు.

"బతికినాం. తెలిసిందంటే నేర్పేది ఇడ్సిపెడతాడని భయం. నాయన ఉండంగానే ఆ కండ్లు ఆయన ముందర నేను చెక్కాల" అని మొహం తిప్పుకున్నాడు.

బస్సు కదిలాక నాకు ఏడుపొచ్చింది. నంద్యాల ప్లాట్‌ఫారం మీద ఒళ్లంతా దుమ్ముతో, కాళ్లు లాగుతుంటే, గుంటూరు రైలు కోసం చూస్తూ డాక్టరుకు ఫోన్ చేశాను.

"ఒప్పించారా మేడం?"

"లేదు. కొన్నాళ్లు ఆగు."

"మరి ఆయన హక్కు?"

"ఆయన పనిలో ఉన్నాడమ్మా" అన్నాను. "కదిలించకు."