బ్యాక్‌వర్డ్ సపోర్టు

కంప్యూటర్ మీద తెలుగు అక్షరం కనబడితే చాలు మనిషి పొంగిపోయే ఆ రోజుల్లో, నేను అందరికంటే కాస్త ఎక్కువే పొంగాను. ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటూ, ఖానాపురం హవేలిలో కిరాయి గదిలో ఉండేవాణ్ణి. ఉచితంగా దొరికే ఒక టెక్స్ట్ ఎడిటర్‌కు, ఇంగ్లిషు కీబోర్డు మీదే తెలుగు కొట్టుకునేలా చిన్న ప్లగిన్ రాసి, సీడీల్లో వేసి టైపింగ్ షాపులకు పంచాను. వాడేవాళ్ళు పదకొండు మంది. (పన్నెండోవాడు మా బావ, పాపం మొహమాటానికి వాడేవాడు.) మొదట్లో అక్షరాలను నాకు తోచిన సంకేతాలతో దాచే పద్ధతి పెట్టాను. తర్వాత లోకమంతా యూనికోడ్ వైపు నడిస్తే నేనూ నడిచాను. కానీ పాత ఫైళ్ళు కూడా తెరుచుకోవాలి కదా, అందుకని పాత పద్ధతినీ మోస్తూ వచ్చాను. కొత్తది ఒకటి బాగుచేస్తే పాతది ఒకటి చెడేది. ఒక ఆదివారం విసుగెత్తి, అడిగేవాడు లేడు గనక, వచ్చే వెర్షన్‌లో పాతదాన్ని పీకి పారేద్దామని తీర్మానించుకున్నాను. ‘ఇక ముందు బ్యాక్‌వర్డ్ సపోర్టు ఉండదు’ అని చీటీలు కొట్టి అందరికీ పోస్టు చేశాను. పాత ఫైళ్ళు తెరుచుకోవు అని మామూలు తెలుగులో రాయడానికి నామోషీ కాబోలు.

వారం తిరక్కుండా ములకలపల్లి టైపింగ్ షాపు అక్క బస్సెక్కి వచ్చి, చీటీ నా ముందు పెట్టింది.

“మాది బ్యాక్‌వర్డ్ మండలమే తమ్మీ, కాదంటలేను. గంతమాత్రానికే సపోర్టు తీసేస్తవా?”

నవ్వాపుకోలేకపోయాను. కుర్చీ వేసి, బ్యాక్‌వర్డ్ అంటే మండలం కాదు, పాత ఫైళ్ళు అని విడమరిచి చెప్పాను. గొడవ తీరిందనుకుంటే ఆమె మొహం ఇంకా దిగిపోయింది. మండలం సంగతైతే ఏ లీడర్‌నో పట్టుకునేదాన్ని, ఫైళ్ళ సంగతైతే ఎవర్ని పట్టుకోవాలంది. ఆమె దగ్గరున్నవన్నీ పాతవే, అడవి అంచు ఊళ్ళవాళ్ళ పోడు భూముల దరఖాస్తులు. పాత సీడీయే వాడుకోమన్నాను. ఆ సీడీ నడిచే పాత కంప్యూటర్ నేడో రేపో అన్నట్టుందని, కొత్తదాని మీద ఆ సీడీ ఎక్కడం లేదని చెప్పింది. అప్పుడు ఒకాయన సంగతి ఎత్తింది. తమ చెలక ఏ వాగు దగ్గర మొదలై ఏ బండ దాకా ఉందో, ఆయన తండ్రి పక్కన కూర్చుని చెబుతుంటే ఆమె టైపు చేసిందట. ఆ కాగితం ఆఫీసులో ఎక్కడో పోయి, మళ్ళీ ఇమ్మన్నారు. ఈలోగా ఆ పెద్దాయన కాలం చేశాడు.

“హద్దులు చెప్పిన మనిషి లేడు. ఆయన మాట నా కంప్యూటర్ల ఉన్నది. అది తెరుచుకోకపోతే ఆ కొడుక్కి ఏం జెప్పాలె?”

సిగ్గేసింది, ఇది రాస్తుంటే ఇప్పుడూ వేస్తోంది. అయినా వయసు పొగరు కదా, మరి ఎప్పుడు తీయాలో నువ్వే చెప్పు అన్నాను, సగం ఉక్రోషంగా.

“తెరిచేటోళ్లు లేనప్పుడు తియ్యి,” అంది.

తీయలేదు. పైగా పాత ఫైలును తెరిచి కొత్త పద్ధతిలో దాచే ఏర్పాటు ఒకటి చేర్చాను. దాంతో రెండు నెలలు కుస్తీ పట్టాను. వాగు, బండ చెక్కుచెదరకుండా అచ్చయి, ఆ దరఖాస్తు మళ్ళీ ఆఫీసుకు చేరిందని అక్కే కబురు చేసింది. తక్కినవన్నీ ఒక్కొక్కటిగా మార్చుకోవడానికి ఆమెకు రెండేళ్ళు పట్టింది. అన్నీ అయ్యాక ఫోన్ చేసి, ఇగ తీసెయ్యి తమ్మీ అంది.

అట్లనే అక్కా అన్నాను గానీ చేతులు రాలేదు. ఇంకో ఏడాది మోశాను. మిగిలిన షాపులూ ఎప్పుడో మారిపోయాయి. ఆ వాగూ బండా ఉన్న ఫైలు కాపీ ఒకటి, సరిచూసుకోవడానికని అక్క ఇచ్చినది, నా దగ్గరే ఉండిపోయింది. అప్పుడప్పుడు దాన్ని తెరిచి, అక్షరాలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూసి మూసేవాణ్ణి. తెరిచేవాడు ఇంకా ఒకడు మిగిలాడు మరి, ఎట్లా తీసేది?