బాక్టీరియాకు ఏసీ

నాలుగేళ్ళుగా మోస్తున్నాను. మోస్తున్నానంటే కుంగిపోయానని కాదు. చెప్పులో రాయిలా, అడుగడుక్కీ చిరాకు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

దోహాలో ఒక ల్యాబ్‌లో జన్యువులు డిజైన్ చేయడం నా పని. అప్పట్లో ఒంటె యాంటీబాడీలోని చిన్న ముక్కను బాక్టీరియా చేత తయారు చేయించాలి. ఒకే ప్రోటీన్‌కు జన్యువును ఎన్నో రకాలుగా రాయవచ్చు. కానీ మనిషి కణం చకచకా చదివే రాత దగ్గర బాక్టీరియా తడబడుతుంది. అందుకే సాఫ్ట్‌వేర్‌లో ముందు జీవిని ఎంచుకోవాలి. అంతకుముందు పని మానవ కణాల కోసం చేశాను. ఆ ఎంపిక మార్చడం మరిచాను. చీటీ రాసుకోనిదే కూరగాయలకు కూడా వెళ్ళని నేను.

జన్యువు తయారై వచ్చింది. దాన్ని బాక్టీరియాలో పెట్టి ప్రోటీన్ తీయాల్సింది మేరీ అక్క. కాకినాడ మనిషి, కొత్తగా చేరింది, ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. ప్రోటీన్ రాలేదు. మళ్ళీ పెట్టింది. రాలేదు. అనుమానమొచ్చి నా డిజైన్ తెరిచాను. పైనే, కొట్టొచ్చినట్టు, 'మానవ' అని ఉంది.

అప్పుడే చెబితే ఏమయ్యేది? నాలుగు చీవాట్లు, కొత్త ఆర్డరు. అంతే కదా? మూసేశాను.

ఆ మధ్యాహ్నమే అక్క అడిగింది.

"తేడా నా చేతిలోనే ఉందంటావా తమ్ముడూ?"

"ఏమో అక్కా. జర చల్లగ పెట్టి చూడరాదూ."

"బయట మనుషులు ఉడికిపోతుంటే వీటికి ఏసీ పెట్టమంటావా? సరే, యల్లా, పెడదాం."

నవ్వింది. నేనూ నవ్వాను.

తర్వాత 'మెరుగుపరిచిన డిజైన్' అని పేరు పెట్టి సరైన జన్యువును ఆర్డర్ చేశాను. అది వచ్చేలోగా అక్క ప్రొబేషన్ ముగిసింది. చేయి కుదరడం లేదని పంపేశారు. కొత్త జన్యువుతో మొదటిసారే ప్రోటీన్ వచ్చింది. మీటింగ్‌లో మేనేజర్ నన్ను మెచ్చుకున్నాడు.

ఎందుకు దాచానో కారణాలు వరసగా చెప్పుకుని చూశాను. ప్రాజెక్టు ఆగిపోతుందని. వీసా కంపెనీ చేతిలో ఉందని. ఎవరూ అడగలేదని. ఒక్కటీ నిలబడదు. తప్పు చేయనివాడన్న పేరు నాకు ముచ్చట, ఆ ముచ్చట కోసం ఒక మనిషి తన చేతులనే అనుమానించుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు అక్క మెసయీద్‌లో ఒక ఫ్యాక్టరీలో నీటి పరీక్షలు చేస్తోంది. మా ల్యాబ్‌లో ఖాళీ పడిందని, అప్లై చేయమని మొన్న ఫోన్ చేశాను. ప్రోటీన్ పని తన చేతికి రాదని, అది నాకూ తెలిసిందేనని అంది. ఒళ్ళు మండింది, ఆమె మీద కాదు. అప్పుడైనా నోరు విప్పానా? నీ ఇష్టం అక్కా, అని పెట్టేశాను.

ఆ చేతిలో తేడా లేదు. జన్యువును తప్పు రాసింది నేను. ఈ రెండు మాటలూ ఆమెకు చెప్పాల్సినవి, మీకు చెబుతున్నాను. దీనివల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం, సిగ్గులేకుండా, కొంచెం తేలికగా ఉంది.